జీపు కొన్నరోజు మేం చదవని నంబరు

పోస్టు పెద్దదే. సెకండ్ హ్యాండ్ జీపు గానీ బైకు గానీ కొందామని చూస్తున్నవాళ్లు మాత్రం ఓపిగ్గా చివరిదాకా చదవండి.

పోయిన వారం మన తమ్ముడొకడు గ్రూపులో ఫొటోలు పెట్టి అడిగాడు. 2001 మోడల్ జీపు, బాడీ బాగుంది, ఇంజిన్ మాత్రం దానికంటే పాతది మార్చి వేశారంట, లక్షా నలభై చెబుతున్నారు, తీసుకోవచ్చా అని. కింద వరసగా "తీసేస్కో తమ్ముడూ", "పాత ఇంజినే గట్టిది", "ఘాట్‌లో దుమ్ము లేపుద్ది" అని రాశారు. ఆ ఇంజిన్ నంబరు ఆర్‌సీలో ఎక్కిందా అని ఒక్కరూ అడగలేదు. మేం కూడా ఆ రోజు ఏమీ రాయలేదు. రాయాలంటే మా ఊరి జీపు కథ మొత్తం చెప్పాలి. అది చెప్పడానికి సిగ్గేసింది. కానీ ఆ తమ్ముడు అడ్వాన్సు ఇచ్చేలోపు చెప్పకపోతే తప్పవుతుందని ముగ్గురం కూర్చుని ఇది రాస్తున్నాం.

మాది పాడేరు దాటి ముంచింగిపుట్టు వైపు లోపలికి ఉన్న ఊరు. మేం ముగ్గురం ఒకే హాస్టల్. ముగ్గురి ఇళ్లలోనూ కాలేజీ దాకా వచ్చింది మేమే మొదలు. మా ఊరి నుంచి తారు రోడ్డుకి ఆరు కిలోమీటర్లు మట్టి దారి. బస్సు రాదు. పురుడొచ్చినా, పాము కరిచినా డోలీ కట్టాల్సిందే. ఈ గ్రూపులో చాలామందికి డోలీ అంటే ఏంటో చెప్పక్కర్లేదు, భుజం మీద కాయ కాసినోళ్లే ఉన్నారు.

అందుకే ఊరంతా కలిసి ఒక జీపు కొనుక్కుందాం అనుకున్నారు. 14 ఇళ్లు, ఇంటికి 10 వేలు. కొందరు పసుపు అమ్మిన డబ్బు, కొందరు కాఫీ, మిరియాల డబ్బు. వైజాగ్‌లో పనికెళ్లిన అన్నలు ఇంకో 25 వేలు కలిపారు. మొత్తం లక్షా 65 వేలు. ఘాట్ కింద టౌన్‌లో ఒక బ్రోకర్ దగ్గర 1999 మోడల్ కమాండర్ జీపు ఉందని తెలిసింది. ఊరి పెద్దలు ఇద్దరు, డ్రైవర్ మామ, మేం ముగ్గురం వెళ్లాం. మమ్మల్ని ఎందుకు తీసుకెళ్లారంటే, "చదువుకున్న పిల్లలు, కాయితాలు చూస్తారు" అని.

మేం కాయితాలు చూడలేదు. ఫొటోలు దిగాం.

డ్రైవర్ మామకి అక్షరం ముక్క రాదు. ఇరవై ఏళ్లుగా సంతలకి జీపు తోలుతున్నాడు. రాగానే బోనెట్ మీద అరచెయ్యి పెట్టి, "ఏడిగా ఉందిరా, మనం రాకముందే స్టార్ట్ చేసేసి ఉంచారు" అన్నాడు. తర్వాత కిందకి దూరి చూసి, ఇంజిన్ కూర్చునే బ్రాకెట్లకి కొత్త వెల్డింగ్ ఉంది, ఇది దీని ఇంజిన్ కాదు అన్నాడు. బ్రోకర్ దాచలేదు. "అవును, మార్చాం. దీంట్లో డీఐ ఇంజిన్ ఉండేది, పోయింది. పాత ప్యూజో ఇంజిన్ వేయించాం. పాతదే కానీ బంగారం, డీఐ కంటే స్మూత్" అన్నాడు. మామ ఇంకా ఏదో అడగబోతే మేమే ఆపేశాం. ఎందుకంటే ముందు రోజు రాత్రి హాస్టల్లో అమెరికా మజిల్ కార్ల వీడియోలు చూసి ఉన్నాం. "దీన్ని ఇంజిన్ స్వాప్ అంటారు మామా, ఫారిన్‌లో అందరూ చేయించుకుంటారు" అని చెప్పాం. చదువుకున్నోళ్లు చెప్పారు కదా అని మామ నోరు మూసుకున్నాడు. మాకు ఇప్పటికీ ఎక్కువ బాధ ఇదే.

ఆ అమెరికా సంగతి తర్వాత సరిగ్గా చదివాం. 1960ల నాటి మస్టాంగ్, కమారో, జీటీఓ లాంటి కార్లు కొనేవాళ్లు అక్కడ మొదట అడిగేదే నంబరు. 1968 మోడళ్ల నుంచి అక్కడి కంపెనీలు కారు నంబరులో కొంత భాగాన్ని ఇంజిన్ బ్లాకు మీద కూడా కొట్టేవి. రెండూ కలిస్తే ఆ కారుకి పెద్ద రేటు. కలవకపోతే, అంటే వేరే ఇంజిన్ వేసి ఉంటే, బాగా పరిగెత్తే కారైనా రేటు పడిపోతుంది. మేం వీడియోలో చూసింది టైర్ల పొగ. ఆ కారు అమ్మేవాడు బోనెట్ ఎత్తి ముందు చూపించింది నంబరు పలక. మన దగ్గర ఆ నంబరు చాలామంది అడగరు.

ఇంజిన్ విషయం కూడా కొంచెం చెప్పాలి, ఎందుకంటే "పాత ఇంజినే గట్టిది" అనేది సగమే నిజం. మహీంద్రా జీపుల్లో మన వైపు ఎక్కువ కనపడే డీజిల్ ఇంజిన్లు రెండు. ఒకటి ప్యూజో డిజైన్‌తో ఇక్కడ తయారైన 2112 సీసీ ఇంజిన్. రెండోది తర్వాత వచ్చిన 2523 సీసీ డీఐ. ప్యూజోది శబ్దం తక్కువ, నడక మెత్తన. కానీ అందులో డీజిల్ నేరుగా సిలిండర్‌లోకి పడదు, పక్కన చిన్న గదిలో మండి వస్తుంది. అందుకని చలికి హీటర్ ప్లగ్గులు బాగా పనిచేస్తేనే స్టార్ట్ అవుతుంది. ఘాట్ కింద ఎండలో మధ్యాహ్నం పూట కొన్నాం కదా, మాకేం తెలుస్తుంది. డిసెంబరులో పొద్దున్నే మా ఊళ్లో నీళ్లు ముట్టుకుంటే వేళ్లు కొంకర్లు పోతాయి. ఆ జీపు రోజూ నలుగురు తోస్తే గానీ కదల్లేదు. డీఐ గరగరమని మొత్తుకుంటుంది గానీ తక్కువ స్పీడులో లాగే బలం ఎక్కువ, లోడుతో ఎత్తు ఎక్కడానికి అదే మేలు. అంటే మన చలికి, మన ఎత్తులకి పనికొచ్చే ఇంజిన్ తీసేసిన బండిని మేం "అప్‌గ్రేడ్" అనుకుని కొన్నాం.

ఇంకోటి, బ్రేకుల సంగతి. బ్రేక్ బూస్టర్ ఉన్న డీజిల్ జీపుకి వాక్యూమ్ ఇంజిన్ తిప్పే పంపు నుంచి రావాలి. ఇంజిన్ మార్చినప్పుడు ఆ పంపు, ఆ పైపు సరిగ్గా కలిపారో లేదో కొనేముందే చూడాలి. ఘాట్ దిగేటప్పుడు తెలిస్తే లాభం లేదు. మా జీపుకి ఆ పైపుకి సైకిల్ ట్యూబు ముక్క చుట్టి ఉంది. అది కూడా మామే కనిపెట్టి మార్పించాడు.

అయినా మేం పాత ఇంజిన్ మీద కోపం పెట్టుకోలేదు. "పాత బండ్లన్నీ తుక్కే, కొనకండి" అని మా క్లాసులో టౌన్ ఫ్రెండ్స్ అంటుంటారు. వాళ్లకి బస్సుంది, ఆటో ఉంది, ఫోన్ చేస్తే అంబులెన్సు గుమ్మం ముందుకొస్తుంది. కొత్త బొలెరో ఖరీదు మా ఊరంతా ఏళ్ల తరబడి కూడబెట్టినా రాదు. మనకి పాత జీపే గతి, పాత జీపుకి ఒక్కోసారి వేరే ఇంజినే గతి. అది తప్పు కాదు. ఆ ఇంజిన్ ఎక్కడి నుంచి వచ్చిందో కాయితం లేకుండా కొనడం మాత్రం మనలాంటోళ్లు చేయకూడని పని. ఎందుకో ఇప్పుడు చెబుతాం.

జీపు ఊరికొచ్చిన రోజు కొబ్బరికాయ కొట్టాం, డప్పులు వేశాం, పిల్లలందరినీ ఎక్కించి తిప్పాం. డ్వాక్రా సంఘం లెక్కలు చూసే పెద్దమ్మ ఒక్కతే, "మన పేరు ఇందులో ఎక్కడ రాశారు?" అని అడిగింది. మేం, "తర్వాత మార్పించుకోవచ్చు పెద్దమ్మా" అన్నాం. ఆ తర్వాత ఎప్పుడూ రాలేదు.

సంక్రాంతి సెలవులు అయిపోయి హాస్టల్‌కి వస్తున్నాం. జీపులో మేం ముగ్గురం, నాలుగు పసుపు బస్తాలు, సంతకెళ్లే ఇద్దరు ముసలోళ్లు. చెక్‌పోస్టు దగ్గర ఆపారు. మన ప్రాంతం పేరు చెబితే ముందు గంజాయి గుర్తొచ్చే రోజులివి. మన కుర్రాళ్లు ముగ్గురు పాత జీపులో బస్తాలతో దిగుతుంటే ఎలా చూస్తారో మీకు తెలుసు. బస్తాలు విప్పారు, పసుపే. అక్కడితో అయిపోవాల్సింది. ఎస్‌ఐ గారు ఆర్‌సీ తీసుకుని, బోనెట్ ఎత్తించి, టార్చి వేసి ఇంజిన్ నంబరు చదివారు. ఆర్‌సీలో ఒక నంబరు, ఇంజిన్ మీద ఇంకో నంబరు. ఆర్‌సీలో 2523 సీసీ, ఉన్నది వేరే ఇంజిన్. బండి ఎవరిది అని అడిగితే ఆర్‌సీలో ఉన్న పేరు మా ఊళ్లో ఎవరికీ తెలియని పేరు. ఆయన మమ్మల్ని కొట్టలేదు, తిట్టలేదు. మాకు డబ్బు అందుకున్న చీటీ తప్ప చూపించడానికి ఏమీ లేదు.

దొంగ ఇంజిన్ ఏమోనన్న అనుమానంతో జీపు స్టేషన్ ఆవరణలో పెట్టేశారు. విడిపించుకోవాలంటే కోర్టులో పిటిషన్ వెయ్యాలి. వేసేది ఎవరు? బండి హక్కుదారు. కాయితాల ప్రకారం హక్కుదారు ఆ మొదటి ఓనరు. ఆయన ఎప్పుడో ఇంకెవరికో అమ్మేశాడు, వాళ్లు బ్రోకర్‌కి ఇచ్చారు. బ్రోకర్ వారం రోజులు ఫోన్ ఎత్తలేదు. ఆఖరికి ఓనరుని వెతికి పట్టుకుని, ఆయనకి దారిఖర్చులు ఇచ్చి, లాయర్‌కి ఫీజు ఇచ్చి బయటికి తెచ్చుకునేసరికి 23 రోజులు, 18 వేలు. ఆ ఇంజిన్ దొంగది కాదని తేలింది. ఒడిశా వైపు తుక్కుకి పోయిన జీపులోదంట. బిల్లు మాత్రం ఎవరి దగ్గరా లేదు.

ఆ 23 రోజుల్లో ఊళ్లో రెండుసార్లు డోలీ కట్టారు. జీపు కొన్నాక ఇక కట్టక్కర్లేదని పాత డోలీ గుడ్డ చింపి పిల్లలకి ఉయ్యాలేశారంట. మళ్లీ కొత్త దుప్పటి తీయాల్సొచ్చింది. మా అమ్మలు ఇది ఫోన్‌లో చెప్పారు. మమ్మల్ని ఒక్క మాట కూడా అనలేదు.

ఇప్పుడు చట్టం ఏం చెబుతుందో. దీన్ని మేం తర్వాత లైబ్రరీలో కూర్చుని చదివాం, కొనేముందు చదవాల్సింది. మోటారు వాహనాల చట్టం 1988లో 52వ సెక్షన్ బండిలో మార్పుల గురించి. ఇంజిన్ మార్చాలంటే రిజిస్టర్ చేసిన ఆఫీసు అనుమతి కావాలి. అనుమతి లేకుండా మారిస్తే 14 రోజుల్లో ఆ ఆఫీసుకి తెలియజేసి, ఆర్‌సీ ఇచ్చి, కొత్త వివరాలు ఎక్కించుకోవాలి. 2019 జనవరిలో కేరళ నుంచి వచ్చిన ఒక కేసులో సుప్రీంకోర్టు కూడా కంపెనీ ఇచ్చిన మూల వివరాలకి విరుద్ధంగా బండిని మార్చకూడదని చెప్పింది. కాబట్టి ఆఫీసుకెళ్లి అడిగితే అదే కంపెనీ, అదే రకం ఇంజిన్‌కి దారి దొరికినంత తేలిగ్గా వేరే రకానికి దొరకదు. "ఏదో ఒక ఇంజిన్ వేసి తర్వాత రాయించుకుందాం" అనేవాళ్లు ఇది గుర్తు పెట్టుకోండి.

పేరు మార్పు 50వ సెక్షన్‌లో ఉంది. అదే రాష్ట్రంలో అయితే అమ్మినవాడు 14 రోజుల్లో చెప్పాలి, కొన్నవాడు 30 రోజుల్లో దరఖాస్తు పెట్టాలి. ఫారం 29, ఫారం 30. జయపురం, కోరాపుట్ వైపు నుంచి ఒడిశా నంబరు బండి కొంటే అక్కడి ఆఫీసు నుంచి ఎన్‌ఓసీ కూడా కావాలి, అది ఫారం 28. బండి అమ్మేవాళ్లు కూడా వినండి: అమ్మేశాక పేరు మార్చకపోతే, యాక్సిడెంట్ అయినప్పుడు పరిహారం కట్టాల్సిన ఓనరు ఆర్‌సీలో పేరున్నవాడే అని 2018లో సుప్రీంకోర్టు చెప్పింది. మన అన్నలు చాలామంది పాత బైకు అమ్మేసి ఆర్‌సీ కూడా వాళ్ల చేతికిచ్చి మర్చిపోతుంటారు.

ఇన్సూరెన్స్ సంగతి చెప్పాలంటే మాకు భయమేస్తుంది. మాది తెల్ల నంబరు ప్లేటు. అందరం డీజిల్‌కి తలా కొంచెం వేసుకుంటాం, అంతే. కానీ ఏదైనా జరిగితే కంపెనీ వాళ్లు అది కిరాయి అంటారు, ఇంజిన్ వేరేది అంటారు, ఓనరు వేరే అంటారు. ఒక్కోదానికి కోర్టులో జవాబు చెప్పుకోవాలి. దెబ్బ తగిలినవాళ్లు మంచం మీద ఉంటే ఆ జవాబు చెప్పడానికి ఎవరు తిరుగుతారు?

కొందరు పెద్దన్నలు మాతో అన్నారు: "ఏజెన్సీలో కాయితాలు ఎవడు చూస్తాడ్రా, ఆఫీసుకెళ్తే తిప్పుతారు, చేతులు తడపమంటారు." తిప్పుతారు, నిజమే. మేం ఇప్పటికి నాలుగుసార్లు తిరిగాం, ప్రతిసారీ ఒక రోజు కూలి, రానూపోనూ చార్జీలు, ఒక్కోసారి క్లాసు కూడా పోయింది. కానీ కాయితాలు లేకుండా పట్టుబడితే టౌన్‌లో బండ్ల షాపు ఓనరు కొడుకుని ఒకలా, మనల్ని ఒకలా చూస్తారు. వాడికి ఫోన్ చెయ్యడానికి మనుషులుంటారు. మనకి చేతిలో ఆర్‌సీ తప్ప ఎవరున్నారు? ఆఫీసు దూరం అనేది మాత్రం ప్రభుత్వమే చూడాల్సిన సంగతి. అల్లూరి జిల్లా వేరే చేసింది 2022లో. సంత రోజున మండల కేంద్రంలో రవాణా శాఖ వాళ్లు ఒక టేబులు వేసి పేరు మార్పులు, ఇంజిన్ వివరాలు ఎక్కించే పని చేస్తే సగం బండ్లు దారికొస్తాయి. దీని మీద ఐటీడీఏ పీఓ గారికి ఒక అర్జీ రాస్తున్నాం, సంతకాలకి మీ దగ్గరికీ పంపుతాం.

ఇక ఆ తమ్ముడికి. జీపు చూడ్డానికి పొద్దున్నే వెళ్లు, చెప్పకుండా వెళ్లు. బోనెట్ చల్లగా ఉండాలి, నీ కళ్లముందే స్టార్ట్ చెయ్యమను. ఆయిల్ పోసే మూత తీసి చూడు, లోపల్నుంచి పొగ బుస్సున కొడుతుంటే రింగులు పోయినట్టే. వేడెక్కాక కూడా నీలం పొగ వస్తుంటే ఆయిల్ కాలుతోంది. ఇదంతా మీ ఊరి డ్రైవర్‌కి నీకంటే బాగా తెలుసు, ఆయన్ని తీసుకెళ్లు, ఆయన మాట మధ్యలో ఆపకు. నీ పని వేరే. ఒక పాత గుడ్డ, కొంచెం డీజిల్, తెల్ల కాయితం, పెన్సిల్ పట్టుకెళ్లు. ఛాసిస్ నంబరు ఫ్రేము మీద, ఇంజిన్ నంబరు బ్లాకు మీద ఉంటుంది. మట్టి తుడిచి కాయితం పెట్టి పెన్సిల్‌తో రుద్దితే అచ్చు పడుతుంది. ఆర్‌సీ పక్కన పెట్టి ఒక్కో అంకె చదువు. ఎంపరివాహన్ యాప్‌లో బండి నంబరు కొట్టి రిజిస్ట్రేషన్ గడువు చూడు. 15 ఏళ్లు దాటిన సొంత బండికి ఐదేసి ఏళ్లకి మళ్లీ రెన్యువల్ ఉంటుంది, అది చేయించారా లేదా. ఫైనాన్సు ఏమైనా మిగిలి ఉందా. మార్చిన ఇంజిన్‌కి బిల్లు ఏది, అది ఏ బండిలోది, ఆ బండి రిజిస్ట్రేషన్ రద్దయిన కాయితం ఏది అని అడుగు. బ్రోకర్ నవ్వుతాడు. "ఏంట్రా, ఆర్టీఓ లాగా అడుగుతున్నావ్" అంటాడు. మాకు ఆ మాట పడాల్సొస్తుందనే ఆ రోజు అడగలేదు.

ఇంజిన్ వివరాలు ఆర్‌సీలో ఎక్కించి, ఓనరు సంతకంతో ఫారం 29, 30 చేతికిస్తేనే డబ్బు. అడ్వాన్సు కూడా చీటీ మీద ఇంజిన్ నంబరు రాయించుకునే ఇవ్వు. ఊరంతా కలిసి కొంటుంటే ఆర్‌సీ ఒకరి పేరు మీదే వస్తుంది కాబట్టి, ఎవరి వాటా ఎంతో వేరే కాయితం రాసుకోండి. మా ఊళ్లో అది పెద్దమ్మ చేత రాయించాం. ఆమె సంతకం పెట్టేముందు మొత్తం రెండుసార్లు చదివించుకుని విన్నది.

మా జీపు ఇప్పుడు ఊళ్లో చింతచెట్టు కింద ఉంది. కాయితాలయ్యేదాకా తారు రోడ్డు ఎక్కకూడదని తీర్మానం చేశారు. ఆ ఆరు కిలోమీటర్ల మట్టి దారిలో మాత్రం మనుషులకి బాగోకపోతే మామ తీస్తున్నాడు. ప్యూజో ఇంజిన్‌కి బిల్లు దొరక్కపోతే దాన్ని దించేసి, బిల్లుతో ఒక డీఐ ఇంజిన్ కొని, ముందు అనుమతి తీసుకుని వేయించాలని ఆలోచన. దానికి ఇంకో 40, 50 వేలు అవుతుందంటున్నారు. ఈ ఏడాది పసుపు రేటు చూడాలి.

మన గ్రూపులో ఎవరైనా ఇంజిన్ మార్పు నిజంగా ఆర్‌సీలో ఎక్కించుకున్నవాళ్లుంటే, ఏ కాయితాలు అడిగారో, ఎన్ని రోజులు పట్టిందో కింద రాయండి. దరఖాస్తు ఎలా రాశారో ఫొటో పెడితే ఇంకా మంచిది, పేర్లు, నంబర్లు చెరిపేసి పెట్టండి. వచ్చే సోమవారం మేం ఐదోసారి ఆఫీసుకి వెళ్తున్నాం.